హద్దురాయి పక్కన కబడ్డీ

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. మా ఇంట్లో పాము దూరిందని నేనంటే అది వానపాము అయి ఉంటుంది. నిన్న వాన పడిందంటే చూరు నుంచి నాలుగు చుక్కలు రాలి ఉంటాయి. మా ఆవిడ నా మాటల్లో నాలుగో వంతు మాత్రం తీసుకుని, మిగతాది బియ్యంలో రాళ్ళలాగా ఏరి పక్కన పెడుతుంది. మీరూ అలాగే చదువుకోండి, నాకేం బాధ లేదు. ఒక్క మాట. నమ్మబుద్ధి కాని చోట్ల తొందరపడి కొట్టేయకండి. ఇందులో నమ్మబుద్ధి కానివన్నీ జరిగినవే. నేను కల్పించింది ఒకటుంది, అది చాలా మామూలుగా కనపడుతుంది. అదేదో కూడా చెప్పే పోతాను.

హైదరాబాదు రోజుకో అంతస్తు చొప్పున పెరుగుతున్న రోజులవి. బీదర్‌లో కొల్హార్ ఫ్యాక్టరీలకు జీతాల కోసం వచ్చిపడిన మా తెలుగువాళ్ళం నలుగురు కలిస్తే ఎవరి చుట్టం ఎన్నో అంతస్తులో ఫ్లాటు కొన్నాడన్నదే మాట. పైనుంచి చూస్తే మనుషులు చీమల్లా కనపడతారట, మేఘాలు కిటికీలోంచి లోపలికొచ్చి సోఫాలో కూర్చుంటాయట. ఇంతలో రోగం వచ్చి లోకమంతా తలుపులు మూసుకుంది. మళ్ళీ కొంచెం తగ్గింది. తగ్గిందని మేం అనుకున్నాం. రెండోసారి రాబోయేది అప్పటికి ఎవరికీ తెలియదు.

మా బావమరిది కొల్హార్‌లో పైపుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. బీదర్ పట్నంలోని చిద్రిలో మా వెనక వీధిలోనే ఇల్లు. ఒక్కతే కూతురు. ఆ పిల్ల కబడ్డీ ఆడుతుంది. ఆడుతుంది అంటే సరిపోదు. ఆమె కూత పెడితే మా వీధి కుక్కలు ఎవరి గేటు దొరికితే ఆ గేటులోకి దూరేవి. గీత దాటి అవతలికి పోయి, నలుగురు పట్టుకుంటే నలుగుర్నీ చీర కుచ్చిళ్ళలా వెంటేసుకుని వెనక్కి వచ్చేది.

హైదరాబాదులో బిల్డింగులు కట్టి కట్టి విసుగొచ్చిన ఒక పెద్దమనిషి ఆడపిల్లల కోసం కబడ్డీ హాస్టల్ పెట్టాడు. చదువు, తిండి, ఆట అన్నీ అక్కడే. ఆ హాస్టల్ కోచ్ పోటీలు జరిగే చోటికల్లా పోయి, చూసి, నచ్చిన పిల్లను తీసుకునేవాడు. కాకపోతే వయసు దాటితే తీసుకోరు. మా పిల్లకు అదే ఆఖరి ఏడు. రోగం వల్ల పోటీలన్నీ రద్దయిపోయాయి. ఆడకపోతే కోచ్ చూసేదెట్లా, చూడకపోతే తీసుకునేదెట్లా. మా బావమరిది ముఖం ఆర్నెల్లుగా ఎండిన నిమ్మకాయలా ఉండేది.

ఒకనాడు ఆ ముఖం వెలిగిపోతూ మా ఇంటికొచ్చింది.

"బావా, మనమే పెడుదాం టోర్నమెంటు."

"పర్మిషన్?"

"ఇటు ఆఫీసుల అడిగిన. జనం గుమిగూడొద్దన్నరు."

"మరి అటు?"

"అటు అడగలే. అడిగితే అటు గూడ వద్దంటరు గద."

ఇటు అంటే కర్ణాటక, అటు అంటే తెలంగాణ. మేం రెండింటి మధ్య బతికేవాళ్ళం. ఇటు డీజిల్, అటు పెళ్ళిళ్ళు. ఇటు జీతం, అటు ఓటు. ఏ రాష్ట్రంలో ఏది కుదరకపోతే రెండో రాష్ట్రంలో కుదుర్చుకోవడం మాకు అన్నప్రాశన నాడే వంటబట్టిన విద్య.

హైదరాబాదు హైవే మీది మన్నాఏఖేళ్ళి దాటి లోపలికి పోతే ఒక పల్లె ఉంది. అక్కడ తాతల నాటి నుంచి సేద్యం చేసుకుంటున్న ఒక తెలుగు రైతు ఉన్నాడు. ఆయన శనగచేను సగం ఇటు, సగం అటు. నడుమ ఒక హద్దురాయి. ఆయన ట్రాక్టరు పొద్దున కర్ణాటకలో బయలుదేరి తెలంగాణలో మలుపు తిరిగి మళ్ళీ కర్ణాటకకు వచ్చేది. ఎవరూ ఆపింది లేదు. శనగ పీకేశాక చేను పళ్ళెంలా పరుచుకుని ఉంది.

మా బావమరిది ఎత్తు అదీ. హద్దురాయికి ఆనించి సున్నంతో కోర్టు నడిమిగీత గీయాలి. ఒక జట్టు కర్ణాటకలో నిలబడుతుంది, ఇంకో జట్టు తెలంగాణలో. కూతకు పోయిన పిల్ల రాష్ట్రం దాటి పోయి, రాష్ట్రం దాటి వస్తుంది. జనం కూడా సగం అటు, సగం ఇటు.

"ఏ దిక్కు జూసినా ఉండాల్సినంత మందే ఉంటరు బావా. ఇటు పోలీసాయన వస్తే అందరం అటు. అటు వస్తే అందరం ఇటు. పూరా టోర్నమెంటు ఏ రాష్ట్రంల గూడ లేదు. సగం టోర్నమెంటుకు ఏ కానూన్ పెడ్తరు?"

"మరి రోగం?"

"దానికి గూడ ఏదో ఒక రాష్ట్రం ఉంటది గద."

నవ్వాను. మా కొల్హార్ తెలుగువాళ్ళలో పెద్దతలకాయలు కూడా నవ్వారు. ఇంత చక్కటి ఆలోచన తమకెందుకు రాలేదని కొందరు నొచ్చుకున్నారు కూడా. ఒక్క ఆ రైతు మాత్రం తువ్వాలు దులుపుకుంటూ అడిగాడు.

"ఏమన్న అయితే జిమ్మేదారి ఎవరిది సార్?"

"ఇటు అయితే అటోళ్ళది, అటు అయితే ఇటోళ్ళది. నువ్వు బేఫికర్‌గుండు పటేలా" అన్నాడు మా బావమరిది.

రైతు ఆ మాటను కాసేపు నములుతూ నిలబడి, ఏమీ అర్థం కాక ఒప్పుకున్నాడు.

ఆ రోజు చేను చూసినవాళ్ళు జాతర అనుకుని ఉంటారు. పెళ్ళి షామియానాలు రెండు, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం ఒకటి. ఒక పొయ్యి మీద బగారన్నం, ఇంకో పొయ్యి మీద దాల్చా. నాలుగు మైకు పెట్టెలు, రెండు ఇటు తిప్పి, రెండు అటు తిప్పి. మైకు నా చేతికిచ్చారు. పెంచి చెప్పేవాడికి కామెంటరీ ఇస్తే ఇంకేముంది, కోడికి గింజల గంప ఇచ్చినట్టే. "తెలంగాణ మీదికి దండెత్తిన మన ఆడబిడ్డ, నలుగురిని మట్టి కరిపించి, కర్ణాటకకు క్షేమంగా తిరిగి వస్తున్నది" అని నేను అరుస్తుంటే దూరాన రోడ్డు మీద లారీలు ఆగి విన్నాయి.

జాగ్రత్తలు తీసుకోలేదనకండి. చాలా తీసుకున్నాం. మొదటి ఆట మాస్కులతో ఆడించాం. కబడ్డీలో కూత ఆగకూడదు, ఆగిందో లేదో రెఫరీకి వినపడాలి. మాస్కు వెనక పిల్ల కూత పెడుతున్నదో, ఊపిరి తీస్తున్నదో, నన్నే తిడుతున్నదో తెలియక రెఫరీ ఆమె మూతి దగ్గర చెవి పెట్టి కోర్టంతా వెంట పరుగెత్తాడు. రెండో ఆటకు మాస్కులు గడ్డం కిందికి దిగాయి. మూడో ఆటకు జేబుల్లోకి పోయాయి. దానికి బదులు మా ఆవిడ కుట్టిన మూటలున్నాయి. నా పాత లుంగీలు చింపి, కర్పూరం, వాము, లవంగాలు కట్టి, ప్రతి పిల్ల మెడలో ఒకటి వేసింది. కూతకు పోయే ముందు ఒకసారి గట్టిగా వాసన పీల్చి పోవాలని రూలు. అది పీలిస్తే రోగం దగ్గరికి రాదని అప్పట్లో అందరి ఫోన్లలోనూ తిరుగుతుండేది. ఆ మూటల ఘాటుకు చేను గట్టు మీద ఉడతలు తుమ్మాయి.

పొద్దుటి ఆటల్లో మా పిల్లను ఆపినవాళ్ళు లేరు. సెమీ ఫైనల్ గెలవగానే రైతు వాళ్ళమ్మ, వంగిపోయిన ముసలమ్మ, కట్టె పొడుచుకుంటూ వచ్చి పిల్ల చెంపలు రెండూ నిమిరి, తన కణతల మీద మెటికలు విరిచింది. "నా దిష్టే తగులుతది నీకు" అన్నది. పిల్ల వంగి ఆమె కాళ్ళకు మొక్కింది.

అన్నాల దగ్గర పిల్ల దాల్చా వేసుకుని, ఒక ముద్ద తిని, చప్పగుందన్నది. వంటాయన మనసు విరిగింది. అక్కడున్న ప్రతి ఒక్కరి చేత రుచి చూపించి, ఉప్పు సరిపోయిందని ఒప్పించుకున్నాడు. "ఫైనల్ ముంగట ఆకలుండదు లే" అని వాళ్ళ నాన్న సర్దిచెప్పాడు. హైదరాబాద్ నుంచి కోచ్ అప్పుడే వచ్చి ఇటువైపు షామియానాలో కూర్చున్నాడు. మా బావమరిది ఆయనకు మంచినీళ్ళు ఇచ్చి, మజ్జిగ ఇచ్చి, కొబ్బరినీళ్ళు ఇచ్చి, ఇంకేమివ్వాలో తెలియక మళ్ళీ మంచినీళ్ళు ఇచ్చాడు.

ఫైనల్ మొదటి సగంలో పిల్ల ఆడిన ఆట గురించి నేను ఎంత పెంచినా తక్కువే. అవతలి జట్టు పిల్లలు ఆమెను చూస్తే చాలు చేను చివరికి జరిగిపోయారు. కోచ్ కుర్చీ అంచుకు వచ్చి కూర్చున్నాడు. విరామం ఇచ్చేసరికి ఆయన మా బావమరిది భుజం తట్టి, "ఆట అయినంక మాట్లాడుకుందాం" అన్నాడు. మా బావమరిది కళ్ళలో నాకు హైదరాబాదు బిల్డింగులన్నీ దీపాలతో సహా కనపడ్డాయి.

అప్పుడు పిల్ల నా మైకు బల్ల దగ్గరికి వచ్చింది. మెడలో మూట ముక్కుకు ఆనించుకుని ఉంది. ఇంకో చేతిలో తోటి పిల్ల మూట.

"మామా, ఇది వాసన వస్తాందా?"

పీల్చాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"దీని వాసన మన్నాఏఖేళ్ళి బజారు దాక పోతాంది బిడ్డా."

"ఇది?"

రెండోదీ పీల్చాను. ముక్కు మండింది.

"రెండు గూడ జబర్దస్తుగున్నయి. ఎందుకు?"

"నాకు వస్తలేవు" అన్నది.

నేను నవ్వాను. ఆ తరువాత ఆ నవ్వును ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. ఇది పెంచి చెప్పడం కాదు, బల్ల పట్టుకున్నాను. పొద్దుటి నుంచి ఈ పిల్లను పట్టుకున్న చేతులు, ఈ పిల్ల పట్టుకున్న చేతులు, ఆ ముసలమ్మ అరచేతులు, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. వాసన పోవడమంటే ఏమిటో అప్పటికి పసిపిల్లలకు కూడా తెలుసు.

మా బావమరిది వచ్చాడు. విన్నాడు. కూతురి చేతిలోంచి మూట తీసుకుని, తానే పీల్చి, దగ్గి, "కర్పూరం పాతది" అన్నాడు.

"డాడీ, మామకు వచ్చింది."

"నీకు జలుబు చేసినట్టుంది."

"తినేటప్పుడు దాల్చా గూడ చప్పగుండె. నేనే అనుకున్న ఉప్పు లేదని."

ఆయన కోచ్ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "బిడ్డా, ఇంక సగం ఆటే ఉంది. ఆడు. కోచ్ సారు మాట్లాడుతనన్నడు. అది అయినంక చెప్దాం. నేనే చెప్త అందరికి. నా మాట ఇను."

"ఆట అయ్యేదాంక వాళ్ళందరు మళ్ళ నన్ను పట్టుకోవాలె గద."

"ఇప్పటిదాంక పట్టుకున్నరు గద. ఏదో అయితే అయ్యే ఉంటది."

"అయినోళ్ళకు అయింది. కానోళ్ళు?"

"నీకు వచ్చే ఏడు లేదు బిడ్డా" అన్నాడు. ఎరికేనా నీకు అని రెండుసార్లు అన్నాడు.

"ఎరికే" అన్నది పిల్ల. నా వైపు తిరిగింది. "మామా, మైకియ్యి."

ఇచ్చాను. ఎందుకిచ్చానో నాకిప్పటికీ తెలియదు. ఆ గొంతు అలాంటిది, అడిగితే మైకు కాదు ఇల్లు రాసిస్తాం.

"అందరు ఇనుండ్రి" అన్నది. నాలుగు మైకు పెట్టెలు రెండు రాష్ట్రాలకు వినిపించాయి. "నాకు వాసన తెలుస్తలేదు. పొద్దున్నుంచి నాతోని ఆడినోళ్ళు, నన్ను పట్టుకున్నోళ్ళు, నా పక్కన కూసోని తిన్నోళ్ళు, ఇంటికి పోయి ముసలోళ్ళ దగ్గరికి పోకుండ్రి. పరీక్ష చేయించుకోండ్రి. నేను ఆడుతలేను. ఆట బంజేయుండ్రి. అవ్వా, నువ్వు పొద్దున నన్ను ముట్టుకున్నవు, వేరే అర్రల పండుకో."

మైకు నా చేతిలో పెట్టి దూరంగా పోయి నిలబడింది.

అటువైపు ఎవరో ఒకరు చప్పట్లు మొదలుపెట్టారు. ఇటువైపు అందుకున్నారు. నేను కూడా కొట్టాను. షామియానాల కింద నుంచి ఆడవాళ్ళు లేచి నిలబడి కొట్టారు. హద్దురాయికి అటూ ఇటూ ఒకటే చప్పుడు. పిల్ల తల వంచుకుని నిలబడింది.

తరువాత జనం కదిలారు. కదిలారంటే ఎట్లా కదిలారు. తేనెతుట్టె మీద రాయి పడ్డట్టు. ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు, ఎవరి బండి ఏ రాష్ట్రంలో పెట్టారో తెలియక చేనంతా చిందరవందర. పొద్దుటి నుంచి ఒకే గిన్నెలో తిన్నవాళ్ళు ఒకరికొకరు చెయ్యి అడ్డం పెట్టుకుని పోయారు. టోర్నమెంటు కమిటీ పెద్దలను నేను చూశాను. ఇటు పెద్దలు "చేను అటోళ్ళది, మాకేం సంబంధం" అంటున్నారు. అటు పెద్దలు "టోర్నమెంటు ఇటోళ్ళు పెట్టిండ్రు" అంటున్నారు. హద్దురాయి ఒక్కటే ఎక్కడికీ పోకుండా ఉన్నచోటే ఉంది.

కోచ్ చేతులకు సీసాలోంచి ఏదో పోసుకుని, మోచేతుల దాకా రుద్దుకుని, కారెక్కి అద్దాలు ఎత్తాడు. మా బావమరిది పక్కన నడుస్తూ అద్దం మీద వేలితో కొట్టాడు. అద్దం దిగలేదు. కారు శనగమోళ్ళ మీదుగా ఎగిరెగిరి రోడ్డెక్కింది.

ముసలమ్మ మాత్రం లేవలేదు. "మా చిన్నప్పుడు గత్తర రోగమొస్తే ఊరు ఇడిసి చేన్లల్ల గుడిసెలేసుకున్నం" అన్నది కొడుకుతో. "ఎవలికి ఎవలు చెప్పకపోతుండె. చెప్తే ఎల్లగొడ్తరని. ఈ పొల్ల చెప్పింది. దీనికి మోటరు కొట్టంల మంచమెయ్యి."

ఆ ముసలమ్మ మాట మీద పిల్ల, రోగం తగ్గేదాకా చేనులో మోటారు కొట్టంలోనే ఉంది. వాళ్ళ నాన్న దూరంగా ట్రాక్టరు ట్రాలీలో పడుకున్నాడు. మా ఆవిడ వండి పంపితే నేను తీసుకుపోయి గట్టు మీద పెట్టి వచ్చేవాణ్ణి. కొట్టం సరిగ్గా హద్దు మీద ఉంది. పిల్ల తల కర్ణాటకలో, కాళ్ళు తెలంగాణలో పెట్టుకుని పడుకునేది. రిపోర్టులో రోగం ఉన్నదని తేలాక ఆమె తనతో ఆడిన పిల్లలందరికీ తానే ఫోన్లు చేసింది. నేను గట్టు మీద కూర్చుని విన్నాను. కొందరు మంచిగా మాట్లాడారు. ఒక తల్లి మాత్రం ఫోన్లోంచి బయటికి వినపడేలా అన్నది.

"నీ నోరు నువ్వు మూసుకుంటే అయిపోతుండె. ఇప్పుడు మా గల్లీల అందరికి తెలిసిపాయె. మా పిల్లకు ఇంక సంబంధం ఎట్ల దొరుకుతది?"

"సరే అక్కా. అమ్మమ్మను దూరం పెట్టుండ్రి" అని పిల్ల పెట్టేసింది. తరువాతి నంబరు నొక్కింది.

వాసన పోయిందన్నప్పుడు భయపడ్డాను గానీ, ఇది వేరు. మా వాళ్ళు, నేను రోజూ టీ తాగేవాళ్ళు, మంచివాళ్ళు. రోగం తెచ్చినందుకు కాదు వాళ్ళ కోపం, చెప్పినందుకు. చాలామంది అట్లాగే అన్నారు. మా బావమరిదిని ఎవరూ ఒక్క మాట అనలేదు. టోర్నమెంటు పెట్టింది ఆయన. హద్దు మీద గీత గీసింది ఆయన. కామెంటరీ చెప్పింది నేను. మమ్మల్ని చూసి పాపం అన్నారు.

ఆటగత్తెల్లో కొందరికి జ్వరాలొచ్చాయి, తగ్గాయి. ముసలమ్మకు రాలేదు. నాకొచ్చింది, పోయింది. కొద్ది రోజులకే రోగం లోకం మీద రెండోసారి పడింది. ఆ నెలల గురించి నేనేమీ చెప్పను. పెంచి చెప్పేవాడికి అక్కడ పని లేదు. ఆ చేనులో టోర్నమెంటు సాయంత్రం దాకా జరిగి, అందరూ నవ్వుకుంటూ ఇళ్ళకు పోయి ఉంటే ఏమయ్యేదో ఆ నెలల్లో ఆలోచించినవాళ్ళు ఉన్నారో లేదో నాకు తెలియదు. ఎవరూ పైకి అనలేదు.

కోచ్‌కు మా బావమరిది ఫోన్లు చేసీ చేసీ చివరికి ఒకసారి దొరికించుకున్నాడు. ఆయన మర్యాదగానే మాట్లాడాడట. పిల్ల ఎట్లుందని అడిగాడట. ఈ ఏడు తీసుకోవడం ఆపేశామని, వచ్చే ఏడు వయసు దాటుతుందని చెప్పాడట. అంతే. ఆ రోజు మా బావమరిది గోడకు ఆనుకుని కూర్చుని, "నేను ఆడుమన్న బావా. అది వద్దన్నది" అన్నాడు. నేను మంచినీళ్ళు తెచ్చి ఆయన పక్కన పెట్టాను.

పిల్ల ఇప్పుడు హైదరాబాదులోనే ఉంది. ఒక బిల్డింగులో, పై అంతస్తులో, కూర్చుని చేసే ఉద్యోగం. కబడ్డీ ఆడదు. ఎందుకాడవంటే "టైమేది మామా" అంటుంది. ఈ మధ్య మా చుట్టాలింట్లో గృహప్రవేశానికి అందరం కలిశాం. భోజనాలయ్యాక నన్ను పట్టుకుని, ఆ చేను సంగతి చెప్పమన్నారు. చెప్పాను. లుంగీ మూటలకు నవ్వారు. మాస్కు వెనక కూతకు ఇంకా నవ్వారు. పిల్ల గుమ్మం దగ్గర నిలబడి తానూ నవ్వుతూ వింటున్నది. చప్పట్ల దగ్గరికి వచ్చాను. ఆడవాళ్ళు కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

అందరూ లేచి పోయాక పిల్ల నా పక్కన కూర్చుంది.

"మామా, ఎవరు కొట్టిండ్రు చప్పట్లు?"

"అటువైపు ఎవరో మొదలుపెట్టిండ్రు గద."

"అట్లనా" అన్నది. "నాకు ఇనపడలే" అన్నది.

"నేను గూడ కొట్టిన బిడ్డా."

"నీ చేతుల మైకుండె మామా. నేనే ఇచ్చిన."

కోపంతో అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, ప్లేట్లు ఎత్తడానికి లేచిపోయింది.

కాబట్టి చెప్పవలసింది చెబుతున్నాను. హద్దు మీద గీసిన గీత నిజం. ఇటు అయితే అటువాళ్ళది అన్న మాట నిజం. కారు అద్దం నిజం, ఫోన్లో ఆ తల్లి మాట నిజం. ఉడతలు తుమ్మాయో లేదో నేను చూడలేదు. నేను కల్పించింది చప్పట్లు. అటు ఎవరూ కొట్టలేదు, ఇటు ఎవరూ కొట్టలేదు. ఆ పిల్ల మైకు నా చేతిలో పెట్టి దూరంగా పోయి నిలబడ్డాక చేనులో వినపడింది, మోటారుసైకిళ్ళు స్టార్టు చేసిన చప్పుడు.